వరి జన్యుశాస్త్ర ల్యాబ్‌లో చేరాలంటే: రాయ్‌పూర్‌లో ఉన్న దారులు

పండరీ అంటే రాయ్‌పూర్ వాళ్లకు బట్టల మార్కెట్. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, కృషక్ నగర్‌లో 1987లో ఏర్పడిన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉంది. దాని విత్తన భాండాగారంలో 23 వేలకు పైగా వరి నమూనాలున్నాయి. వీటికి పునాది వేసింది డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా. 1970లలో ఆయన బృందం పల్లెపల్లె తిరిగి వేలాది దేశవాళీ రకాలను సేకరించింది. 2002లో ఈ సంపదపై సింజెంటా కంపెనీతో ఒప్పందానికి ప్రయత్నం జరిగింది. రైతు, ప్రజా సంఘాలు గట్టిగా అడ్డుకోవడంతో కంపెనీ వెనక్కి తగ్గింది. అంటే ఇక్కడ పరిశోధనకు చేరే విద్యార్థి చేతికొచ్చేది వట్టి విత్తనాల పొట్లం కాదు, ఎవరిదన్న ప్రశ్న కూడా.

ఇంతకీ అక్కడ ఏం పని చేస్తారు? మొక్కల జన్యుశాస్త్రం అనగానే చాలామందికి తెల్లకోటు గుర్తొస్తుంది. నిజానికి సగం పని బురదలోనే. నిల్వ ఉన్న విత్తనం మొలకశక్తి కోల్పోతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి దాన్ని మళ్లీ సాగుచేసి, ఎత్తు, పూతకాలం, గింజ తీరు రాసుకోవాలి. సంకరణకైతే సాయంత్రం వరి పువ్వు పొట్టు కొన కత్తిరించి, లోపలి ఆరు కేసరాలూ తీసేసి, కంకికి కవరు తొడుగుతారు. మర్నాడు ఉదయం వేరే మొక్క పుప్పొడి చల్లుతారు. ఆ తర్వాతే ల్యాబ్: ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్, మార్కర్ల పరీక్ష. మన సాంబ మసూరికి ఆకు ఎండు తెగులును తట్టుకునే మూడు జన్యువులను హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇలాంటి మార్కర్ల సాయంతోనే చేర్చారు. ఆ మెరుగైన రకం 2008లో విడుదలైంది.

భౌతికశాస్త్రం చదివిన నాకు ఆసక్తి కలిగించేది మరొకటి. బాబా అణు పరిశోధన కేంద్రంతో కలిసి ఈ విశ్వవిద్యాలయం విత్తనాలపై వికిరణం ప్రయోగించి, పొడుగ్గా పెరిగి పడిపోయే సువాసన వరి దుబ్‌రాజ్‌ను పొట్టి రకంగా మార్చింది.

చేరే దారుల్లో ప్రధానమైనది జాతీయ ప్రవేశ పరీక్ష. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కొన్ని సీట్లు భారత వ్యవసాయ పరిశోధన మండలి కోటాలో భర్తీ అవుతాయి కనుక తెలుగు రాష్ట్రాల వాళ్లూ పోటీపడొచ్చు. ఎమ్మెస్సీకి ‘జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్’, ‘ప్లాంట్ మాలిక్యులర్ బయాలజీ’ విభాగాలు చూడండి. రెండోది ప్రాజెక్టు ఉద్యోగం. కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో నెట్ లేదా గేట్ అర్హత ఉన్న జూనియర్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది, ఈ సంగతి ముందే అడగండి. డిగ్రీలోనే రుచి చూడాలంటే మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు.

ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసేటప్పుడు వారి పరిశోధనా వ్యాసం ఒక్కటైనా చదివి, అందులో మీకొచ్చిన సందేహం రాయండి. ‘ఏ పనైనా చేస్తాను’ అనే ఉత్తరాలు వాళ్లకు కుప్పలుగా వస్తాయి. ల్యాబ్ చూసి రావాలనుకుంటే సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలం. అప్పుడు వరి పూతలో ఉంటుంది, సంకరణ పని కళ్లారా చూడొచ్చు.