ఇంటి జాలమునకొక నీరుగంటి

చెరువు క్రింద సేద్యము చేయు గ్రామములందు నీరుగంటి చేయు పని యెట్టిదో హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఏ కాలువకు ఎంతసేపు నీరు విడువవలెనో, ఎవరి మడి తడిసినదో, ఎవరిది ఎండుచున్నదో అతడెరుగును. నీటిని అతడు మోయడు. కుండతో ఒక్క చుక్కయైనను పొలమునకు చేర్పడు. అయినను అతడు లేనిచో ఎగువ మడి మునుగును, దిగువ మడి బీటలు వారును. నేడు మన యిండ్లలోనికి మరియొక ప్రవాహము వచ్చుచున్నది. అది సమాచార ప్రవాహము. దానికిని ఒక నీరుగంటి కావలెనా? కావలెనన్నచో ఆ పని చేయు యంత్రమెట్టిది? దానిని ఇంట నెట్లు నెలకొల్పవలెను? ఈ విషయములను ఈ పాఠమున విచారింతము.

తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలకు ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. మనమున్న చోట కోరిన తెలుగు గ్రంథము అంగడిలో దొరకుట సులభము కాదు. కాని 1885 లో వెలువడిన శబ్దరత్నాకరము వంటి నిఘంటువులను నేడు ఆంధ్రభారతి వారి పుటలలో వెదకి చూచుకొనవచ్చును. 2003 లో మొదలైన తెలుగు వికీపీడియా కలదు. పాత తెలుగు పుస్తకములు వేలకొలది అంతర్జాలమున భద్రపరుపబడి యున్నవి. 2020 మార్చిలో మహమ్మారి కారణముగా పాఠశాలలు మూతపడినప్పుడు, ఇంటి జాలము నడిచిన బాలునకు పాఠము అందినది. నడవని వానికి అందలేదు. కావున ఈ కాలువను చక్కగా నుంచుకొనుట చదువును చక్కగా నుంచుకొనుటయే.

ఇంటి జాలము – దాని అంగములు

గాజుపోగు తీగ ఇంటిలోనికి వచ్చిన చోట నొక చిన్న పెట్టె యుండును. అది వెలుగు రూపమున వచ్చిన వార్తను విద్యుద్రూపమునకు మార్చును. దీనిని వాడుకలో మోడెమందురు. రెండవది రౌటరు. ఇంటిలోని ప్రతి ఉపకరణమునకు ఒక అంకెల చిరునామా నిచ్చి, ఎవరి వార్తను వారికి పంపునది ఇదియే. మూడవది స్విచ్చి, ఇది ఒక తీగను పెక్కు తీగలకు పంచును. నాల్గవది వైఫై కేంద్రము. ఇది తీగతో పని లేకుండ రేడియో తరంగములచే ఫోనులకును కంప్యూటర్లకును వార్త నందించును. చిన్న యిండ్లలో ఈ నాలుగు పనులను ఒక్క పెట్టెయే చేయుచుండును.

ఒకటి రెండు గదుల యింటికి ఆ ఒక్క పెట్టె చాలును. అట్టివారు వేరొక యంత్రమునకై ధనము వెచ్చింపనక్కరలేదు. కాని మన ప్రాంతము రాళ్ల సీమ. కృష్ణగిరి రాయి దేశాంతరములకు పోవుచున్నది. పాత యిండ్ల గోడలు దళసరి రాతి గోడలు. క్రొత్త యిండ్లకు కాంక్రీటు కప్పులు. రేడియో తరంగము రాతిని దాటునప్పుడు బలము కోల్పోవును. వైఫైకి వాడు తరంగములలో 2.4 గిగాహెర్ట్జులవి కొంత దూరము పోగలవు. 5 గిగాహెర్ట్జులవి ఎక్కువ వార్తను మోయగలవు గాని గోడ యెదుట త్వరగా అలసిపోవును. అందుచే ముందు వసారాలో నొకటి, మిద్దె మీద నొకటి, పెరటి గదిలో నొకటి యని రెండు మూడు వైఫై కేంద్రములు పెట్టవలసి వచ్చును. చిక్కు మొదలగునది ఇక్కడనే.

నియంత్రణ యంత్రమేల?

మూడు కేంద్రములున్నచో మూడింటికిని పేరు, సంకేతపదము, తరంగమార్గము వేరువేరుగ వ్రాయవలెను. ఒకదానిలో సంకేతపదము మార్చి మరియొకదానిలో మరచినచో, ముంగిట పనిచేసిన ఫోను పెరటిలో పనిచేయదు. ఈ కేంద్రములన్నిటికిని ఒక్కచోటనుండి ఆజ్ఞ లిచ్చి, వాని యోగక్షేమములు కనిపెట్టునదే నియంత్రణ యంత్రము. దీనినే కంట్రోలరందురు. పాఠమో చిత్రమో దీని గుండ పోదు. అది కాలువల గుండ, అనగా రౌటరు, స్విచ్చి, వైఫై కేంద్రముల గుండ పోవును. కావుననే ఈ యంత్రమొక గంటసేపు ఆగినను, కేంద్రములు తుది ఆజ్ఞ ననుసరించి సాధారణముగ పనిచేయుచునే యుండును. క్రొత్త మార్పులు చేయుట, లెక్కలు చూచుట మాత్రము నిలిచిపోవును.

ఈ పనిని మూడు విధములుగ సాధింపవచ్చును. మొదటిది, ఇంటి కంప్యూటరులోనే నియంత్రణ ప్రోగ్రామును నడుపుట. రెండవది, దూరదేశమున నున్న సంస్థవారి యంత్రములకు ఆ భారము నప్పగించుట. మూడవది, ఈ పనికే ప్రత్యేకింపబడిన చిన్న యంత్రమును ఇంట నుంచుట. యూబిక్విటి వారి క్లౌడ్ కీ, టీపీ-లింక్ వారి ఓసి200 ఈ తెగకు చెందినవి. 2012 లో వెలువడిన రాస్ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటరును కూడ కొందరు ఈ పనికి వాడుదురు.

ప్రత్యేక యంత్రము వలని లాభమును లెక్కతో చూతము. 100 వాట్ల కంప్యూటరు దినమునకు 24 గంటల చొప్పున 30 దినములు నడచినచో 72 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. 5 వాట్ల చిన్న యంత్రము అంతకాలమే నడచినచో అగునది 3.6 యూనిట్లు మాత్రమే. ఇరువది రెట్ల భేదము! అంతేకాక ఇంటి కంప్యూటరును ఒకరు ఆపుదురు, మరియొకరు ఆటకు వాడుదురు. నీరుగంటికి వేరు పనులు చెప్పినచో తూము దగ్గర నిలుచువారెవరు?

నెలకొల్పు విధము

మొదట, కొనుటకు ముందే ఒక్క సంగతి గమనింపవలెను. ఒక సంస్థవారి నియంత్రణ యంత్రము సాధారణముగ ఆ సంస్థవారి కేంద్రములనే ఏలును. వేరువేరు సంస్థల పెట్టెలు కొనిన పిదప వానిని కలుపజూచుట వ్యర్థశ్రమ.

రెండవది, స్థానము. యంత్రమును గాలి యాడు చోట, రౌటరునకు దగ్గరగా నుంచి, తీగతోనే స్విచ్చికి కలుపవలెను. కొన్ని స్విచ్చులు వార్తతో పాటు విద్యుత్తును కూడ ఆ తీగలోనే పంపగలవు. అట్టివానికి వేరు ప్లగ్గు అక్కరలేదు.

మూడవది, స్థిరమైన చిరునామా. రౌటరు ఇచ్చు చిరునామాలు అద్దె యిండ్ల వంటివి, మారుచుండును. నియంత్రణ యంత్రమునకు మాత్రము 192.168.1.10 వంటి యొక చిరునామాను రౌటరులో శాశ్వతముగ కేటాయింపవలెను. వైఫై కేంద్రములు తమ యజమానిని ఈ చిరునామాలోనే వెదకికొనును. అది మారినచో అవి దారి తప్పిన దూడల వలె నగును.

నాల్గవది, గడియారము. గడియారముల కర్మాగారమునకు పేరుగన్న హోసూరులో కాలము విలువ వేరుగ చెప్పనేల? యంత్రము కాలము తప్పుగ నున్నచో లెక్కలన్నియు తప్పును. రాత్రి పదింటికి ఆగవలసిన జాలము పగలు పదింటికి ఆగును. మన దేశ కాలమును ఎంచి సరిచూడవలెను.

ఐదవది, ప్రోగ్రామును తాజాపరచి, తయారుచేసినవారు పెట్టిన సంకేతపదమును తీసివేసి, పొడవైన క్రొత్త పదమును పెట్టవలెను.

ఆరవది, స్వీకారము. క్రొత్త కేంద్రమును తీగతో కలిపిన వెంటనే నియంత్రణ యంత్రపు పట్టికలో దాని పేరు కనబడును. స్వీకరింపుమని ఆజ్ఞాపించినచో అది మన యేలుబడిలోనికి వచ్చును. ఒకసారి స్వీకరింపబడిన కేంద్రము ఇతరుల మాట వినదు.

ఏడవది, పాయలు. ఇంటివారికొక పాయ, అతిథులకొక పాయ, కెమెరా వంటి ఉపకరణములకొక పాయ ఏర్పరచుట మంచిది. రౌటరును స్విచ్చియు ఇందుకు తగినవై యుండవలెను. అతిథి పాయలోని వారు ఇంటివారి కంప్యూటరును చూడలేరు.

ఎనిమిదవది, నకలు. ఇంతవరకు చేసిన ఏర్పాటునంతను ఒక ఫైలుగా వేరొక చోట దాచవలెను. నకలు లేని నియంత్రణ యంత్రము చెడినచో ప్రతి కేంద్రమును మొదటి స్థితికి మరల్చి, పనినంతను క్రొత్తగా చేయవలసి వచ్చుట కద్దు. విద్యుత్తు హఠాత్తుగా ఆగినను లోపలి లెక్కలు చెడవచ్చును. అందుచే చిన్న యూపీఎస్ తోడుండుట మేలు.

తరంగమార్గములు పంచుట

2.4 గిగాహెర్ట్జుల పట్టీని అనుమతిపత్రము లేకయే వాడుకొనుటకు భారత ప్రభుత్వము 2005 లో వీలు కల్పించినది. ఈ పట్టీలోని మార్గములు ఒకదానికొకటి 5 మెగాహెర్ట్జుల దూరమున నున్నవి. కాని ఒక్కొక్క కేంద్రము ఇంచుమించు 20 మెగాహెర్ట్జుల వెడల్పు ఆక్రమించును. అందుచే ప్రక్క ప్రక్క మార్గములలో రెండు కేంద్రములుంచినచో ఒకరి మాట మరియొకరికి అడ్డు తగులును. 1, 6, 11 మార్గములు 2412, 2437, 2462 మెగాహెర్ట్జుల వద్ద నుండుటచే వాని నడుమ 25 చొప్పున ఎడము కలదు. మూడు కేంద్రములకు ఈ మూడింటిని పంచినచో కలహము లేదు. నియంత్రణ యంత్రము ఈ పంపకమును తానే చేయగలదు. పొరుగింటి కేంద్రములను కూడ గమనింపగలదు.

తాళము మాట

2016 అక్టోబరు 21వ తేదీన మిరాయ్ అను దుష్టప్రోగ్రాము వశపరచుకొనిన కెమెరాలును ఇంటి పెట్టెలును ఒక్కుమ్మడిగా డైన్ అను సంస్థపై దాడి చేయగా, ప్రసిద్ధములైన పెక్కు స్థానములు కొన్ని గంటలు అందకపోయినవి. మిరాయ్ గొప్ప విద్య నేమియు ప్రయోగింపలేదు. తయారుచేసినవారు పెట్టిన సంకేతపదములు సుమారు అరువది తీసికొని ఒక్కొక్కటిగ తలుపు తట్టినది. 2018 లో వీపీఎన్‌ఫిల్టర్ అను మరియొకటి 54 దేశములలో కనీసము 5 లక్షల పెట్టెలను పట్టినట్లు తెలియవచ్చినది. తాళము మార్చని యిల్లు తనకే గాక పరులకును హాని చేయును. కావున నియంత్రణ యంత్రపు ద్వారమును బయటి జాలమునకు తెరచి యుంచరాదు.

యంత్రము చూపునది, చూపనిది

తల్లిదండ్రులు దీనిని తెలిసికొనుట అవసరము. ఏ ఉపకరణము ఎప్పుడు చేరినది, ఎంత వార్త తీసికొన్నది యంత్రము చూపును. ఒక పాయను రాత్రి నియమిత వేళకు ఆపనుకూడ గలదు. కాని బాలుడు చదివిన దేమియో, చదివినది గ్రహించెనో లేదో అది చెప్పజాలదు. పిల్లలకు తెలియకుండ వారి లెక్కలు చూచుటకంటె, ఏ వేళ ఏమి ఆగునో ముందుగ చెప్పి, ఆ నియమమును తామును పాటించుట ఉత్తమము. తండ్రి ఫోను అర్ధరాత్రి వరకు వెలుగుచుండ, కుమారుని ఫోను మాత్రము పదింటికి ఆగినచో దానిని న్యాయమనువారెవరు?

ఇంటి చిట్టా

కడపట ముఖ్యమైన మాట. ఈ యంత్రమును ఇంట నెలకొల్పువాడు తరచుగ ఆ యింటి పెద్ద విద్యార్థి. అతడు రేపు పై చదువునకో ఉద్యోగమునకో బెంగుళూరు పోవును. పిదప ఇంట మిగులునది దీపములు మిణుకుమను ఒక పెట్టె. దాని తెరమీది భాష అమ్మకు రాని భాష. అందుచే ఒక సాధారణమైన నోటుబుక్కు తీసి, తీగ లెక్కడి నుండి ఎక్కడికి పోవుచున్నవో పటము గీసి, యంత్రపు చిరునామా, నకలు దాచిన చోటు, జాలము ఆగినచో మొదట ఏ పెట్టెను ఆపి మరల వేయవలెనో తేట తెలుగున వ్రాసి యుంచవలెను. సంకేతపదములను వేరొక కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరుపవలెను. చెల్లెలిచేత ఒకసారి చేయించి చూడవలెను. ఆమె చేయగలిగినచో ఆ చిట్టా సరియైనది. చేయలేకపోయినచో లోపము చిట్టాలో నున్నది గాని ఆమెలో లేదు.

నీరుగంటి తన విద్యను కొడుకుతో పాటు ఊరికిని నేర్పినచో చెరువు నిలుచును. తెలిసినది తెలుగులో వ్రాసి పెట్టినప్పుడే ఆ విద్య ఇంటిల్లిపాదికి సొంతమగును.

అభ్యాసము

1. నియంత్రణ యంత్రము ఆగినను పాఠము ఆగకుండుటకు కారణమేమి?
2. 8 వాట్ల యంత్రము 30 దినములు ఎడతెగక నడచినచో ఎన్ని యూనిట్లు ఖర్చగును?
3. రెండు కేంద్రములను 1, 3 మార్గములలో నుంచినచో కలుగు చిక్కును లెక్కతో వివరింపుము.
4. మీ యింటి జాలమునకు పటము గీసి, పది వాక్యములలో తెలుగు చిట్టా వ్రాసి, ఇంటివారికి చదివి వినిపింపుము.