నిలువ నిమ్మకాయలలో బూజుకుళ్ళు – నివారణ

గూడూరు, పొదలకూరు ప్రాంతముల నిమ్మకు మంచి పేరున్నది. అయినను వేసవిలో ధర పలికిన కాయయే, దిగుబడి మిక్కుటమైన రోజులలో కోతకూలికి చాలకపోవుట రైతు లెరిగినదే. అట్టి సమయమున నాలుగు దినములు నిలిపి అమ్మదలచినను, దూరపు బజారుకు పంపదలచినను బూజుకుళ్ళు అడ్డుపడును.

పచ్చబూజు సోకిన కాయ తొక్కపై మొదట మెత్తని నీటిమచ్చ పడును. దానిపై తెల్లని నూగు, పిదప నడుమ ఆకుపచ్చని పొడి ఏర్పడును. నీలిబూజు పొడి నీలముగా నుండును. ఇది ప్రక్కన తాకియున్న మంచికాయకు సులభముగా ప్రాకును. తొడిమకుళ్ళు తొడిమవద్ద గోధుమరంగుతో ప్రారంభమగును.

బూజుల సిద్ధబీజములు గాలిలో అంతటను ఉండును గాని, గాయములేని తొక్కను అవి చొరలేవు. ముల్లు గీత, గోటి గాటు, నేలపై పడిన దెబ్బ – ఇవే వాటికి వాకిళ్ళు. తొడిమకుళ్ళు మాత్రము చెట్టుపైని ఎండుపుల్లలలో పెరిగి, వానచినుకులతో తొడిమను చేరును. కావున ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలెను.

1. ఎండుపుల్లలను ఏటేట కత్తిరించి తోటనుండి తొలగించవలెను.

2. మంచు ఆరిన పిదపనే కోయవలెను. తడిసి బిర్రుగా నున్న కాయను కొద్దిగా నొక్కినను తొక్కలోని నూనెతిత్తులు పగులును.

3. దోటితో రాల్చక, కత్తెరతో తొడిమ నిలుచునట్లు పొట్టిగా కోయవలెను. కాడ పొడవైనచో ప్రక్క కాయను పొడుచును.

4. రాలుకాయలను కలుపక, వేరుగా వెంటనే అమ్మవలెను.

5. నిలువ చేయు కాయలను 100 లీటర్ల నీటిలో సుమారు 70 గ్రాముల తాజా బ్లీచింగు పొడి కలిపి, ఆ తేటనీటితో కడగవలెను. ఇది పైనున్న బీజములను చంపును; గాయములోనికి పోయినవానిని చంపదు. పిదప 100 లీటర్లకు 3 కిలోల వంటసోడా కలిపిన నీటిలో 2, 3 నిమిషములు ముంచి, మంచినీట కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టవలెను. తోటలో చల్లు మందులలో ముంచరాదు. ఇది తినెడి కాయ.

6. గోనెసంచులకంటె గాలియాడు ప్లాస్టిక్ పెట్టెలు మేలు. వాటిని కూడ బ్లీచింగు నీటితో కడగవలెను.

7. రెండు దినములకొకసారి ఏరవలెను. కుళ్ళిన కాయను విదల్పక మెల్లగా తీసి, దూరముగా పాతిపెట్టవలెను. కొట్టము ప్రక్కన పారవేసినచో ఆ పొడియే మరల కాయలపైకి వచ్చును.

8. శీతల గిడ్డంగిలో సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడు చాలును. అంతకంటె మిక్కిలి చల్లన తొక్కపై గుంటలు పడి, కుళ్ళు హెచ్చును.

కత్తెరకోతకు కూలి హెచ్చగునన్న మాట నిజమే. అందుచే ముందుగా కొలది కాయలతో పరీక్షించుడు. కత్తెరతో కోసినవి 100, దోటితో రాల్చినవి 100 వేరువేరు పెట్టెలలో వారము దినములుంచి, కుళ్ళినవి లెక్కింపుడు. ఆ నష్టమును హెచ్చు కూలితో సరిపోల్చినచో ఏది లాభమో మీకే తేలును.