కడలి విడువని నావికులు

హైదరాబాదు నగరమునకు సముద్రము లేదు. నాంపల్లి రైల్వేస్టేషనులో దిగి ఆబిడ్సు వైపు నడచువానికి కనబడునది జనసముద్రమే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిడ్ ఇచట నెలకొల్పిన అంగడి పేరే ఈ ప్రాంతమునకు నిలిచినది. ఆదివారమున దుకాణములు మూసియుండగా కాలిబాటలపై పాతపుస్తకములు రాశులుగా వెలయును. అట్టలూడిన ఆంగ్ల నవలలు వానిలో కొల్లలు. బేరమాడ నేర్చినవాడు సంచి నింపుకొని పోవును.

అట్లని ఈ నగరమునకు నౌకాయుద్ధముతో సంబంధము లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధమున ఆస్ట్రేలియా నౌకాదళములో ‘నిజాం’ అను డిస్ట్రాయరు ఒకటి పనిచేసెను. హైదరాబాదు ప్రభువు గౌరవార్థమే దాని కా పేరు పెట్టిరి. 1941లో అది క్రీటు దీవినుండి సైనికులను తరలించెను. ముట్టడిలోనున్న టోబ్రుక్కునకు సామగ్రి చేరవేసెను. అన్ని గండములు గడచి వచ్చిన ఆ ఓడను 1945 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియా నైరృతిదిశనున్న లూవిన్ అగ్రముకడ, ఒక మహాతరంగము ఒరగద్రోసెను. పదిమంది నావికులు కొట్టుకొనిపోయిరి. అచట శత్రువు లేడు, ఫిరంగి లేదు. బ్రదికి బయటపడినవారు ఎవరిపై కోపింపవలెను?

చరిత్రగ్రంథములు మృతులను లెక్కించి ఊరకుండును. మిగిలినవాని మనస్సులోనికి ప్రవేశించుట నవలాకారుని పని. ఇంగ్లండు దేశీయుడగు నికొలస్ మాన్సరట్ యుద్ధకాలమున చిన్న రక్షకనౌకలలో అధికారిగా నుండి, ఆ యనుభవముతో 1951లో ‘ద క్రూయెల్ సీ’ అను నవలను వెలువరించెను. అందలి నౌక పేరు ‘కంపాస్ రోజ్’. నాయకుడు ఎరిక్సన్. అతని సహాయకుడు లాక్‌హార్ట్ యుద్ధమునకు ముందు పత్రికారచయిత. అట్లాంటికు సముద్రమున సరకు ఓడలను జర్మను జలాంతర్గాముల బారినుండి కాపాడుట వారి పని.

ఒకనాడు ఓడ యొకటి మునిగి, దానిలోనివారు నీటిలో తేలుచుండిరి. రక్షకనౌక తమకొఱకే వచ్చుచున్నదని వారు సంతోషించిరి. ఆ క్షణముననే, నీటియడుగున ధ్వనిని పంపి శత్రువును కనిపెట్టు యంత్రము, సరిగా వారి క్రిందనే జలాంతర్గామి యున్నట్లు సూచించెను. దానిని విడిచినచో అది మఱికొన్ని ఓడలను ముంచును; బాంబులు వేసినచో నీటిలోనివారు బ్రదుకరు. ఆలోచించుటకు వ్యవధి లేదు. ఎరిక్సన్ బాంబులు వేయుమని ఆజ్ఞాపించెను. తేలుచున్నవారందఱు మడిసిరి. జలాంతర్గామి మునిగిన గుర్తేమియు కానరాలేదు. ఓడలోని నావికుడొకడు అతనిని హంతకుడని కేకవేసెను. ఎరిక్సన్ మాఱు పలుకలేదు. తరువాత అతడు మద్యమున మఱపు వెదకెను, అది దొరకలేదు.

ఎరిక్సన్ చేసినది న్యాయమా? రచయిత తీర్పు చెప్పలేదు. చెప్పకపోవుటయే ఉచితము. వానిని శిక్షించుటకు న్యాయస్థానము కూర్చుండలేదు. కూర్చున్నచో వానికి కొంత ఊరటయైనను కలిగియుండెడిదేమో.

భూమిపై పోరు సైనికుడు ఒకప్పుడైనను పరుగిడగలడు, గోతిలో దాగగలడు. నావికునకు ఆ వెసులుబాటు లేదు. అతని ఇల్లే అతని యుద్ధభూమి. ఏ రాత్రియైనను నిద్రలోనే ఓడ బ్రద్దలు కావచ్చును. ‘కంపాస్ రోజ్’కు చివరకు అదే గతి పట్టినది. తెప్పలపై చలికి కొయ్యబారి అనేకులు తెల్లవారకమునుపే మరణించిరి.

అదే 1951లో అమెరికా దేశమున హెర్మన్ వూక్ ‘ద కేన్ మ్యూటినీ’ని ప్రకటించెను, దానికి 1952లో పులిట్జరు బహుమానము లభించెను. అందలి క్వీగ్ అను నౌకానాయకుడు కలత కలిగినపుడెల్ల రెండు ఉక్కుగుండ్లను అరచేత త్రిప్పుచుండును. తుపానులో అతని సహాయకుడు అధికారమును లాగుకొనును. చదువరి మొదట క్వీగ్‌ను చూచి నవ్వును. పుస్తకము ముగియులోపల ఆ నవ్వు నిలువదు.

ఇట్టి మనోవ్యాధికి వైద్యులు మొదటి ప్రపంచయుద్ధకాలమున ‘షెల్ షాక్’ అని పేరిడిరి. అమెరికా మనోవైద్యసంఘము 1980లో దానిని ఆఘాతానంతర రుగ్మతగా తన గ్రంథమున చేర్చెను. నవలాకారులు పేరు తెలియకమునుపే రోగమును గుర్తించిరి.

మన దేశమునకును ఈ దుఃఖము క్రొత్తది కాదు. 1971 డిసెంబరు 9వ తేదీన డయ్యూ సమీపమున ‘ఖుక్రీ’ నౌక మునిగి, పదునెనిమిది మంది అధికారులును, నూట డెబ్బదియాఱుగురు నావికులును మృతినొందిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక దానితో మునిగెను. అంతకు కొద్దిదినములకు ముందే విశాఖపట్టణపు తీరమున పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ నశించినది. దానిని గూర్చి 2017లో తెలుగున చలనచిత్రము వచ్చినది. అది పోరాటమును చక్కగ చూపినది. ఇల్లు చేరిన నావికుని రాత్రులు దాని కథలోనివి కావు.

మాన్సరట్ నవల చివర జర్మను జలాంతర్గాములు లొంగిపోవును. ఎరిక్సన్, లాక్‌హార్ట్ క్రొత్త నౌక వంతెనపై నిలుచుందురు. జయధ్వానములు లేవు. తాను మిక్కిలి అలసితినని మాత్రము ఎరిక్సన్ మెల్లగా చెప్పును.