అండమాన్‌లో విమాన భద్రతా వీడియోకు సెట్ వేస్తున్నారా? తరచూ అడిగే ప్రశ్నలు

ఇక్కడ ‘భద్రతా వీడియో’ అంటే విమానం బయల్దేరే ముందు ప్రయాణికులకు చూపే చిత్రం. ‘డిజైనర్’ అంటే జీతం మీద కాక ఒప్పందం మీద పనిచేసే ప్రొడక్షన్ డిజైనర్. ‘సంస్థ’ అంటే పని అప్పగించిన విమానయాన సంస్థ.

1. సెట్ పూర్తిగా డిజైనర్ ఇష్టమేనా?
నేపథ్యం వరకే. భరత్‌బాలా దర్శకత్వంలో ఎయిరిండియా 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన భద్రతా వీడియో కథక్, ఒడిస్సీ వంటి నృత్యాలతో సూచనలు చెప్పింది. అయితే సీటు బెల్టు, అత్యవసర ద్వారాలు, లైఫ్ జాకెట్టు ఎక్కడున్నాయో, ఎలా వాడాలో ప్రయాణికులకు తెలపడం తప్పనిసరి కాబట్టి, చూపే పరికరాలు ఆ విమానంలోవే కావాలి. జెట్టీలో పర్యాటకులకు తొడిగే నారింజ రంగు ఫోమ్ జాకెట్టు దగ్గర్లో దొరికింది కదా అని నటుడికి వేస్తే ఆ షాట్ వృథా. విమానంలోది తాడు లాగితే గాలి నిండే జాకెట్టు. దాన్ని ద్వారం దగ్గరికి వచ్చాకే ఉబ్బించాలి.

2. విమానాశ్రయంలో చిత్రీకరణకు ఒక్క అనుమతి చాలా?
చాలదు. శ్రీ విజయపురం (మునుపటి పోర్ట్ బ్లెయిర్) రన్‌వే నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ ఉత్క్రోశ్‌ది కూడా. టెర్మినల్ అనుమతి అక్కడ చెల్లదు. నౌకాదళ అనుమతి విడిగా, రాతపూర్వకంగా తీసుకోవాలి. డ్రోన్‌కు 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి: రెడ్ జోన్‌గా గుర్తించిన గగనతలంలో కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేనిదే ఎగరేయరాదు.

3. ఒడ్డున పడివున్న పగడాలను సెట్‌లో వాడవచ్చా?
వాడరాదు, అవి చచ్చినవైనా సరే. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఫైబర్‌తో నకలు చేయించండి. నకలు మరీ బాగా కుదిరితే అసలుదనుకుని తనిఖీలో ఆపవచ్చు. అందుకే తయారీ ఫొటోలు, బిల్లు పెట్టెలోనే ఉంచండి. వండూరు సముద్ర జాతీయ ఉద్యానంలో చిత్రీకరణకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి అవసరం.

4. జరావా ఆదిమ తెగవారిని నేపథ్యంలో చూపవచ్చా?
చూపరాదు. 1956 ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ ప్రకారం వారి రిజర్వు ప్రాంతంలో పాస్ లేకుండా అడుగుపెట్టడమే నేరం. ఆ ప్రాంతం గుండా సాగే రోడ్డుపై జిర్కాటాంగ్ నుంచి కాన్వాయ్‌లో వెళ్లేటప్పుడు వాహనం ఆపరాదు, కెమెరా తీయరాదు.

5. డిజైన్లపై హక్కు ఎవరిది?
ఒప్పందంలో వేరే మాట లేకపోతే, డబ్బిచ్చి చేయించుకున్న భద్రతా వీడియోకు తొలి యజమాని సంస్థే. డిజైనర్ గీసిన సెట్ నమూనాల సంగతి వేరు. వాటి హక్కు సంస్థకు చెందాలంటే డిజైనర్ సంతకంతో బదిలీ పత్రం ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంతర్జాతీయ సర్వీసులు నడిపే సంస్థలు ఈ రెండో ఖాళీని గమనించాలి. బదిలీ తర్వాత కూడా తన పేరు కోరే హక్కు 57వ సెక్షన్ కింద డిజైనర్‌కు ఉంటుంది.

6. సెట్ కట్టిన స్థానిక వడ్రంగి మేస్త్రీకి డబ్బు ఎప్పటిలోగా ఇవ్వాలి?
సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా మేస్త్రీకి ఉద్యమ్ నమోదు ఉంటే, రాత ఒప్పందంలోని గడువులోగా. అది 45 రోజులు మించరాదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. సరుకుపై అభ్యంతరం ఉంటే సంస్థ 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. జాప్యానికి బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. నమోదు పని ఒప్పుకోక ముందే చేయించుకోవడం క్షేమం. దావా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వేయవచ్చు. హైకోర్టు దాకా వెళితే, కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ శ్రీ విజయపురంలోనే ఉంది.