దారిలో రేడియేటర్ కారితే

పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుందని హైస్కూల్లో మనమంతా చదువుకున్నాం. పరీక్షలో ప్రెషర్ కుక్కర్ ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకున్నాం. అలాంటి కుక్కర్ ఒకటి ప్రతి వ్యాన్‌లోనూ ఉంది, అదే రేడియేటర్. మన హాస్టల్లో చదివి ఇప్పుడు వ్యాన్ నడుపుకుని బతుకుతున్న అన్నలున్నారు. ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేరాలనుకునే తమ్ముళ్ళూ ఉన్నారు. వారికి పనికొస్తుందని పాత మారుతి ఓమ్ని వ్యాన్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ పాఠం రాస్తున్నాం.

ఈ వ్యాన్ 1984లో వచ్చింది. 2019లో తయారీ ఆగిపోయినా మన ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ఇంజన్ వేడిని నీరు మోసుకెళ్ళి రేడియేటర్‌లో వదిలి మళ్ళీ తిరిగి వస్తుంది. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటే, లోపలి పీడనం బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల దాకా ఎక్కువ ఉండవచ్చని అర్థం. అప్పుడు నీరు 100 డిగ్రీల దగ్గర కాక, సుమారు 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఇంజన్ వేడిగా ఉండగా మూత తిప్పితే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. 100 డిగ్రీలు దాటిన నీరు ఆ క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టినా ఆగదు. అందుకే ఇంజన్ ఆపి కనీసం అరగంట ఆగాలి. తర్వాత పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే లోపల ఇంకా పీడనం ఉన్నట్లే. ఒకవేళ ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లనీరు ధారగా పోయాలి. ఇంకు, టూత్‌పేస్టు పూయకూడదు.

ఎక్కడ కారుతోందో చూడకుండా మరమ్మతుకు దిగవద్దు. ఏ.సి. నుంచి కారేది రంగు, వాసన లేని నీరు. దానికి భయపడనక్కరలేదు. ఆకుపచ్చగా, జిడ్డుగా ఉంటే అది కూలెంట్. కూలెంట్ తియ్యగా ఉండే విషం. కుక్కలు, పిల్లలు ముట్టకుండా దాని మీద మట్టి పోయండి.

పాత వ్యాన్‌లలో ఎక్కువగా కారేది హోస్ పైపు చివర, క్లిప్పు దగ్గర. స్క్రూ డ్రైవర్‌తో బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. పైపు చివర చిట్లితే, పొడవు సరిపోయేటట్టుంటే ఆ ముక్క కోసేసి మళ్ళీ తొడగవచ్చు. పైపు మధ్యలో చిల్లు పడితే మన చేతిలో ఉన్న మంచి మందు పాత సైకిల్ ట్యూబు. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కోసి, పైపును పొడిగా తుడిచి, పట్టీని బాగా సాగదీస్తూ నాలుగైదు చుట్లు చుట్టి రెండు పక్కలా బైండింగ్ వైరుతో కట్టాలి. కరెంటు పనికి వాడే టేపు వేడికి జిగురు కరిగి ఊడిపోతుంది.

రేడియేటర్‌కే సన్న చిల్లు ఉంటే నీటి మట్టం చిల్లు కిందికి దించి, ఆ చోటు గీకి, ఆరబెట్టి ఎం-సీల్ పెట్టవచ్చు. అది గట్టిపడేదాకా ఓపిక పట్టాలి. కొందరు డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు వేస్తారు. పసుపు చిల్లులో ఇరుక్కుని నీటిని ఆపే మాట నిజమే. కాని అది సన్న గొట్టాల్లోనూ ఇరుక్కుంటుంది, కాబట్టి మేము దాన్ని మెచ్చం.

ఏ అతుకు వేసినా పీడనం తగ్గిస్తేనే నిలుస్తుంది. చల్లారిన తర్వాత నీళ్ళు నింపి, మూతను పూర్తిగా బిగించకుండా మొదటి మెట్టు దగ్గరే ఉంచండి. పీడనం పెరగదు, అతుకు మీద ఒత్తిడి పడదు. అయితే నీరు మళ్ళీ 100 డిగ్రీలకే మరుగుతుందని మరచిపోకూడదు. బరువు దించి, నెమ్మదిగా, ఐదారు కిలోమీటర్లకోసారి ఆగుతూ దగ్గరలోని మెకానిక్ దాకా మాత్రమే వెళ్ళాలి. ఇంజన్ కాగి ఉన్నప్పుడు చన్నీళ్ళు కుమ్మరిస్తే హెడ్ పగలవచ్చు.

మీటరు ముల్లును కూడా పూర్తిగా నమ్మకండి. వేడిని కొలిచే సెన్సార్ నీటిలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. నీరంతా పోతే ముల్లు కిందికి దిగవచ్చు. డ్రైవరు హమ్మయ్య అనుకుంటాడు, రెండు కిలోమీటర్లు పోయేసరికి ఇంజన్ పట్టేస్తుంది. ఆ ఖర్చుకు అప్పు చేయవలసి వస్తుంది. లారీ మీద వ్యాన్ ఎక్కించుకుపోవడమే దానికంటే చవక.

వాటర్ పంపు కింది చిన్న రంధ్రం నుంచి కారినా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వచ్చినా, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారినా రోడ్డు పక్కన చేయగలిగింది ఏమీ లేదు. అక్కడే ఆపేయండి.

దారిలో అవసరానికి బోరు నీళ్ళు పోసినా తప్పు లేదు. అయితే మన బోరు నీటిలోని ఉప్పు లోపల పెచ్చు కడుతుంది. మెకానిక్ దగ్గర ఆ నీరంతా తీసేయించి, శుభ్రం చేయించి, కొత్త పైపు వేయించి కూలెంట్ పోయించండి. మీరు చుట్టిన ట్యూబు ముక్కను ఆయనకు చూపించండి. చిల్లు ఎక్కడుందో వెతుక్కునే పని ఆయనకు తప్పుతుంది.