యోటా – ఒక పొల్లు

పాఠ్యభాగము: మత్తయి 5:17–20



ధర్మశాస్త్రములో పొల్లుగాని సున్నగాని వ్యర్థము కాదని ప్రభువు కొండమీద బోధించెను. మన నవీపేట పల్లెలలో పొల్లు అనగానే కళ్లములో తూర్పారబట్టునప్పుడు గాలికి ఎగిరిపోవు తాలుగింజ జ్ఞాపకము వచ్చును. తాలు పోయిన నష్టమేమి అందుము. అయితే ఇచ్చటి పొల్లు తాలు కాదు, అక్షరముమీద పెట్టు చిన్న గుర్తు.

గ్రీకు సువార్తలో ఈ చోట నున్న మాట యోటా. అది గ్రీకు అక్షరమాలలో తొమ్మిదవది. ఒక్క నిలువు గీత. ఆ పేరునకు గ్రీకు భాషలో వేరే అర్థము లేదు. సుమారు 2,800 సంవత్సరముల క్రిందట గ్రీకులు ఫేనీకేవారి యొద్ద అక్షరములు నేర్చుకొని, పేర్లనుకూడ తమ నోటికి తగినట్లు మార్చుకొనిరి. హెబ్రీయులు ఆ అక్షరమునే యోద్ అందురు. వారి అక్షరములన్నిటిలో అదే మిక్కిలి చిన్నది. దాని పేరు చేయి అను మాటనుండి వచ్చినది. 119వ కీర్తన 73వ వచనము చూడుడి. అచ్చట యోద్ భాగము మొదలగుచున్నది. హెబ్రీలో దాని మొదటి మాట దేవుని చేతులను గూర్చినదే.

సున్న అని తర్జుమా చేయబడిన గ్రీకు మాటకు చిన్న కొమ్ము, అనగా అక్షరపు కొన అని అర్థము. మన తెలుగులో బండి అను మాటనుండి సున్న తీసిన బడి యగును. పట్టా కాగితములో పేరు ఒక్క అక్షరము తప్పిన రైతు ఎన్నిమార్లు కచేరీకి తిరుగవలెనో మనకు తెలియును.

అట్లే ఆజ్ఞలలో చిన్నదని మనము దాటిపోవునది యొకటి కలదు. కూలివాని కూలి మరునాటి ఉదయమువరకు నీయొద్ద ఉండరాదని లేవీయకాండము 19:13 చెప్పుచున్నది. చెరకు నరికిన చేతులకు, నాట్లు వేసిన చేతులకు "రేపు రమ్ము" అనుట మనకు చిన్న మాట. ఆ రాత్రి పొయ్యి వెలుగవలసిన యింటికి అది చిన్నది కాదు.

అక్షరములు లెక్కించుచు న్యాయమును కనికరమును విడిచినవారిని ప్రభువు గద్దించెను (మత్తయి 23:23). చిన్న ఆజ్ఞను గైకొనుట పొరుగువాని మేలు కొరకే.

ఈ వారము మనము ఎవరికైన కూలి బాకీయున్నామా? పొల్లుపోకుండ చెల్లించి, తరువాత ఆరాధనకు వత్తము.