డేటాబేస్ దోషాన్వేషణ

పరీక్షా ఫలితాలు చూడాలన్నా, రైలు టిక్కెట్టు కొనాలన్నా నేడు వెబ్‌సైటును ఆశ్రయించడం పరిపాటి అయింది. తెరపై కనిపించే పుట వెనుక సమాచారమంతా డేటాబేస్‌లో పట్టికల రూపంలో నిల్వ ఉంటుంది. ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తూ 1970లో ఆయన ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. పట్టికలను ప్రశ్నించి సమాధానం రాబట్టే భాష ఎస్.క్యు.ఎల్. ఆ భాషలో అడిగే ప్రశ్నను ‘క్వెరీ’ అంటారు.

క్వెరీలో తప్పు దొర్లితే డేటాబేస్ సమాధానానికి బదులు దోష సందేశాన్ని పంపుతుంది. అనుభవం లేని ప్రోగ్రామరు దానిని చూసి కలవరపడి, తోచిన చోటల్లా మార్పులు చేస్తాడు. రోగమేమిటో తెలుసుకోకుండా మందు ఇవ్వడం వంటిదే ఇది. నిజానికి దోషం జాడ తెలిపేది ఆ సందేశమే. ఉదాహరణకు, మై ఎస్.క్యు.ఎల్. అనే డేటాబేస్‌లో 1045 అనే సంఖ్య వస్తే ప్రవేశానికి అనుమతి లభించలేదని అర్థం. పేరునూ పాస్‌వర్డునూ సరిచూడాలి. 1146 వస్తే అడిగిన పట్టిక లేదు. 1054 వస్తే పట్టికలో ఆ పేరు గల నిలువు వరుస లేదు. 1064 వస్తే క్వెరీ వాక్యనిర్మాణమే తప్పు.

సందేశాన్ని చదివిన తరువాత, ప్రోగ్రాము తయారుచేసిన క్వెరీని యథాతథంగా బయటికి తీసి పరిశీలించాలి. దానిని నేరుగా డేటాబేస్‌కు ఇచ్చినప్పుడు కూడా అదే తప్పు వస్తే లోపం క్వెరీలోనే ఉన్నదని తేలుతుంది. రాకపోతే క్వెరీని పంపే విధానంలో వెదకాలి.

ఒక్కొక్కప్పుడు అన్ని పేర్లకూ పనిచేసే పుట ‘డిసౌజా’ అనే పేరు వద్ద ఆగిపోతుంది. ఆంగ్లంలో ఆ పేరు రాసేటప్పుడు ‘డి’ తరువాత అపాస్ట్రఫీ గుర్తు పెడతారు. ఎస్.క్యు.ఎల్.లో పేరు ముగిసిందని తెలిపేది కూడా ఆ గుర్తే. అందువల్ల పేరు మధ్యలోనే తెగి, మిగిలిన అక్షరాలు ఆజ్ఞలో భాగమైపోతాయి. ఆ గుర్తును నిషేధిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. అట్లా చేస్తే ఒక వ్యక్తికి తన పేరు తాను రాసుకునే వీలు పోతుంది. అసలు లోపమూ మిగిలే ఉంటుంది.

అమాయకుని పేరు ఆజ్ఞను చెరపగలిగితే, దుర్మార్గుడు తన ఆజ్ఞనే అందులో చొప్పించగలడు. దీనినే ‘ఎస్.క్యు.ఎల్. ఇంజెక్షన్’ అంటారు. 2015లో బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే టెలిఫోన్ సంస్థపై ఇట్టి దాడి జరిగి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు పరుల పాలయ్యాయి. 2016లో ఆ సంస్థకు 4,00,000 పౌండ్ల జరిమానా పడింది.

దీనికి నివారణ సులభం. క్వెరీలో పేరు ఉండవలసిన చోట ఒక ప్రశ్నార్థకాన్ని ఉంచి, పేరును విడిగా పంపాలి. అప్పుడు డేటాబేస్ దానిని పేరుగానే స్వీకరిస్తుంది. ఆజ్ఞగా ఎన్నడూ భావించదు. దోష సందేశాన్ని చూపరుల కంట పడనీయకుండా, ప్రోగ్రామరు చదువుకొనే దస్త్రంలో నమోదు చేయాలి. అయితే సందేశాన్ని దాచినంత మాత్రాన దోషం తొలగదు. దాని మూలాన్ని కనుగొని సరిదిద్దినప్పుడే, నమ్మి తమ వివరాలు ఇచ్చిన వారికి రక్షణ కలుగుతుంది.